మాఘమాసంలో హోటలు భోజనం



ఆదివారం పూట స్నేహితులతో కలిసి బయట భోజనానికి వెళ్ళడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అదేమన్నా రేడియోలో చెప్పే విషయమా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మా కోనసీమలో, అందులోనూ మాఘ ఫాల్గుణాల్లో, అది అంత తేలిగ్గా తేలే వ్యవహారం కాదండీ. ఏ హోటలుకి వెళ్ళాలో మనం అనుకుంటాం. ఆరుబయట కూర్చోవాలా, లోపల కూర్చోవాలా, మజ్జిగ తాగాలా, టీ తాగాలా, అవి మాత్రం మన చేతిలో ఉండవు.

ముందు ఈ కాలం సంగతి చెప్తాను. మాఘమాసానికి మాకులు వణుకుతాయి అన్నారు మన పెద్దవాళ్ళు. చెట్లకే అంత చలి అన్నమాట. మళ్ళీ ఆ పెద్దవాళ్ళే, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అన్నారు. మరి శివరాత్రి ఎప్పుడొస్తుంది? మాఘ బహుళ చతుర్దశి నాడు. అంటే అదీ మాఘమాసమే. ఒకే నెలలో చెట్లు వణకాలి, అదే నెలలో చలి మూటాముల్లె సర్దుకోవాలి. ఈ రెండు సామెతలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ నెలని నమ్మడానికి లేదని వాళ్ళకి అప్పుడే తెలుసు.

నెలలోనే కాదు, ఒక్క రోజులోనూ అంతే. తెల్లవారుజామున తలుపు తీస్తే ఎదురింటి అరుగు కనబడదు. అంత మంచు. కొబ్బరాకుల చివర్లనుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతుంటాయి. రాత్రి వాన పడిందా అని అనుమానం వస్తుంది. తొమ్మిదయ్యేసరికి మంచు ఉండదు. పన్నెండయ్యేసరికి, పొద్దున స్వెట్టరు వేసుకుని బయల్దేరిన మనిషి దాన్ని నడుముకి కట్టుకుని తిరుగుతుంటాడు. ఫిబ్రవరి మధ్యాహ్నాలు మాకు 30 డిగ్రీలు దాటడం మామూలే. మూడు దాటాక సముద్రం వైపునుంచి గాలి. ఒక్కోరోజు ఏ మూలనుంచి వస్తుందో, ఓ మబ్బు.

మాకే ఎందుకింత మంచు? నీళ్ళ వల్ల. గోదావరి పాయలే ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. లోపలంతా కాలువలు, బోదెలు, చెరువులు. పైగా ఇప్పుడు దాళ్వా, అంటే రెండో పంట చేలు. వాటిలో నీళ్ళు నిలబెట్టి ఉంటాయి. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని గబగబా వదిలేసుకుంటుంది. నేలనంటుకున్న గాలి చల్లబడుతుంది. ఆ గాలిలో తడి ఎక్కువ. చల్లబడ్డ గాలి అంత తడిని మోయలేదు, సన్నటి తుంపరగా వదిలేస్తుంది. అదే మంచు. గాలి వీస్తే చెదిరిపోతుంది. వీచకపోతే అక్కడే కూర్చుంటుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక గానీ లేవదు. మళ్ళీ చెప్తున్నాను వినండి. తడి గాలి, మబ్బు లేని రాత్రి, గాలి కదలకపోవడం. ఈ మూడూ కలిస్తే తెల్లారి మంచు ఖాయం.

అలాంటి మంచులో ఒకరోజు బయల్దేరాం మేం. అయిదుగురం. పేర్లెందుకు లెండి, వాళ్ళూ రేడియో వింటారు. ఒకాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, ఆయన్ని మాస్టారూ అనే అంటాం. ఇంకొకాయనకి రాజోలు వైపు రొయ్యల చెరువులున్నాయి. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ ఊరందరికీ ఆయన బావే, మాకూ బావే. మూడో ఆయన అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. నాలుగోవాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం, పెళ్ళికని వచ్చి నాలుగు రోజులు ఉండిపోయాడు. అయిదో మనిషిని నేను.

అమలాపురంలో ఏడింటికి బయల్దేరి, అంబాజీపేటలో టిఫిను చేసి, దిండి వెళ్ళి గోదావరి ఒడ్డున ఆరుబయట కూర్చుని భోంచెయ్యాలని ఏర్పాటు. ఏర్పాటు బాగానే ఉంది. కారు మాత్రం ఎడ్లబండి కన్నా నెమ్మదిగా నడిచింది. ముందు పోయే లారీ వెనక ఎర్రలైటు ఒక్కటే మాకు దారి. అది మలుపు తిరిగితే మేమూ తిరిగాం. కాలవ గట్టుమీద పాలకేన్లు కట్టుకున్న సైకిలు ఒకటి ఉన్నట్టుండి పక్కనే ప్రత్యక్షమైంది. సైకిలాయన మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోతూ, కాస్త పక్కకి తీసుకోండి బాబూ అని సలహా కూడా ఇచ్చాడు.

అంబాజీపేట అనగానే మీకు కొబ్బరి మార్కెట్టు గుర్తొస్తుంది. మాకు దానికన్నా ముందు పొట్టిక్కలు గుర్తొస్తాయి. ఎప్పుడూ తినని శ్రోతల కోసం కొంచెం వివరంగా చెప్తాను. పనసాకులు తీసుకుంటారు. నాలుగు ఆకుల్ని అంచులు కలిపి, కొబ్బరి ఈనె పుల్లలు గుచ్చి, చిన్న బుట్టలా కుడతారు. ఆ బుట్టలో ఇడ్లీపిండి పోస్తారు. బుట్టల్ని వరసగా నిలబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. అంతే. ఇడ్లీయే కదా అంటారేమో. ఇడ్లీయే. కానీ ఉడికేటప్పుడు పనసాకు వాసన పిండిలోకి దిగుతుంది. పొగలు కక్కుతున్న బుట్ట తెచ్చి ముందు పెడతారు. ఈనె పుల్ల లాగాలి. ఆకు ఒలవాలి. వేళ్ళు కాలతాయి, ఊదుకోవాలి. ఆకు ఈనెల గీతలు దాని ఒంటిమీద అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఒక ముక్క తుంచి, కొబ్బరి పచ్చడిలో ముంచి నోట్లో పెట్టుకుంటే, బయట మంచు ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఆ రోజు మాత్రం మాకు వెంటనే దొరకలేదు. ఇంకో పావుగంట ఆగాలండి, పిండి లేటయ్యింది అన్నాడు హోటలాయన. పొద్దున్నే లేవలేదా ఏంటి అని బావ వేళాకోళం చేశాడు. లేవకేమండీ, నేను లేచాను, పిండే లేవలేదు అన్నాడాయన. హాస్యానికి అన్నా అది నిజం. మినప్పిండి పులిసి పొంగాలంటే అందులోని సూక్ష్మజీవులకి వెచ్చదనం కావాలి. వేసవిలో రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి వస్తుంది. ఈ చలిలో ఎంతసేపటికీ కదలదు. అందుకని ఆయన పగలే రుబ్బించి, గిన్నెని పొయ్యి పక్కన పెట్టి, పైన గోనెపట్టా కప్పుతాడట. నాలుగు రోజులు ఎండ బాగా కాసింది కదా, చలి పోయిందనుకుని ఆ రోజు గోనెపట్టా కప్పలేదు. రాత్రి మళ్ళీ చలి. పొద్దున్న పిండి అలాగే ఉంది. చూశారా, వాతావరణ శాఖ వారికి తెలిసినా తెలియకపోయినా, రాత్రి ఉష్ణోగ్రత పడిపోయిన సంగతి అంబాజీపేట పిండిగిన్నెకి తెలుసు.

టిఫిను అయ్యి పి. గన్నవరం చేరేసరికి తొమ్మిది కావచ్చింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. అక్కడ వైనతేయ మీద అక్విడక్టు ఉంది. అక్విడక్టు చూడని వాళ్ళకి చెప్పాలంటే, కింద నది పారుతుంది, నది పైన వంతెన మీద కాలువ పారుతుంది. నీళ్ళ మీద నీళ్ళు. కాటన్ దొర కాలంలో, 1850ల్లో, హేగ్ అనే ఇంజనీరు 49 కమానులతో పాతది కట్టించాడు. నగరం దీవి చేలన్నీ ఆ నీళ్ళ మీదే పండాయి. దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పొద్దున మాకు పైన కాలువ కనబడుతోంది. కింద నది కనబడటంలేదు. తెల్లగా ఏమీ లేనట్టుంది.

సీతమ్మ గారి పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఆగుదాం. బయట భోజనం అనే మాట ఎత్తితే కోనసీమలో ఆవిడ్ని తలవకుండా ముందుకి వెళ్ళలేం. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలు లంకల గన్నవరంలో తన ఇంటికి ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టింది. ఏ కులం, ఏ ఊరు అని అడగలేదు. ఏటి రేవులు దాటి నడిచొచ్చే బాటసార్లకి దారిలో అదొక్కటే ఆశ. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సంబరానికి పిలుపు వచ్చినా వెళ్ళలేదంటారు. ఇంకో కథ కూడా చెప్పుకుంటారు. అది ఈ మాఘమాసంలోదే. మాఘ శుద్ధ దశమికి అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం కదా. ఆవిడ ఎన్నాళ్ళనుంచో అనుకుని అనుకుని, ఒక ఏడు పల్లకీ కట్టించుకుని తీర్థానికి బయల్దేరింది. దారిలో ఒకచోట పల్లకీ దించారు. పక్కనే ఒక పెళ్ళివారి గుంపు. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. ఇంకాస్త దూరం ఓర్చుకోండర్రా, గన్నవరం వెళ్ళిపోతే సీతమ్మ గారింట్లో అన్నం తిందాం అంటున్నారు పెద్దవాళ్ళు. ఆవిడ విన్నది. పల్లకీ వెనక్కి తిప్పమంది. వాళ్ళకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. స్వామి దర్శనం అలాగే ఉండిపోయింది.

ఇలాంటి మనిషి బతికిన చోట అన్నానికి ధర కట్టి అమ్మడం ఎలా ఉంటుంది చెప్పండి? నామర్దాగా ఉండేది. మా చిన్నతనంలో కూడా హోటల్లో భోంచేశానని ఇంట్లో చెబితే, ఏం, మనకి చుట్టాలు లేరా ఆ ఊళ్ళో అని అడిగేవారు. పూటకూళ్ళ ఇల్లు అంటే చిన్నచూపు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలో పూటకూళ్ళమ్మ గురించి ఎవరెవరు ఎలా మాట్లాడతారో మీకు గుర్తుండే ఉంటుంది. పాపం, ఆవిడ అందరికీ వండి పెట్టింది, అందరిచేతా మాటపడింది. గురజాడ వారు ఆవిడ చేతికి చీపురు ఇవ్వడం నాకైతే న్యాయంగానే తోస్తుంది.

మరి ఇప్పుడు అందరం ఎందుకు హోటలుకి వెళ్తున్నాం? ఇంట్లో వండేవాళ్ళు లేకనా? కాదు. రుచికా? మా బావ ఇంట్లో చేసే రొయ్యల ఇగురు ముందు ఏ హోటలూ నిలవదు. కారణం ఇంకోటి ఉంది. గోదావరి జిల్లాల్లో ఎవరింటికన్నా భోజనానికి వెళ్ళి చూడండి. విస్తరి ముందు కూర్చోగానే మీరు మీ చేతిలో ఉండరు. ఇంకొంచెం వేసుకోండి, అయ్యో ఏం తిన్నారండీ, నెయ్యి చాలదు, ఈ పచ్చడి కలుపుకోలేదే అంటూ ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడతారు. వాళ్ళది మర్యాద. మనది మొహమాటం. ఈ రెంటి మధ్యా స్నేహితుడితో ఒక్క మాట కూడా కుదరదు. మనసులో మాట చెప్దామని వెళ్ళినవాడు పొట్ట పట్టుకుని వచ్చేస్తాడు. హోటల్లో ఆ బెడద లేదు. అక్కడ ఎవరూ చుట్టం కాదు, ఎవరూ ఇంటివాడు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. హోటల్లో ఎవరూ చుట్టం కాదు, ఎవరూ ఇంటివాడు కాదు. అయిదుగురూ సమానమే. అక్కర్లేనిది అక్కర్లేదనొచ్చు. అరగంట ఏమీ తినకుండా కబుర్లు చెప్పొచ్చు.

ఇంకో కారణం వంతెనలు. ఎదుర్లంక దగ్గర, బోడసకుర్రు దగ్గర, చించినాడ దగ్గర వంతెనలు లేని రోజుల్లో ఏరు దాటాలంటే పంటు అనే పెద్ద పడవే గతి. సరదాగా వెళ్దాం అనుకున్నా మనసంతా ఆఖరి పంటు మీదే ఉండేది. మంచు దిగితే అదీ కదలదు. రేవులో కూర్చుని తెల్లవార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం అలా పడిగాపులు పడ్డవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. వంతెనలొచ్చాక ఏరవతల భోంచేసి రాత్రికి ఇల్లు చేరడం అలవాటయింది.

దిండి చేరేసరికి పదకొండున్నర. ఎండ చిటచిటలాడుతోంది. పొద్దున్న మంచు సంగతి ఎవరికన్నా చెబితే నమ్మరు. ఒడ్డున కొబ్బరిచెట్ల కింద బల్లలు వేశారు. వశిష్ఠ అక్కడ వెడల్పుగా ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి పోటూ పాటూ అక్కడిదాకా తెలుస్తాయి. మేం వెళ్ళేసరికి పోటు మీద ఉంది, నీళ్ళు ఒడ్డు అంచుదాకా వచ్చాయి. కుర్రాడు వచ్చి ఏం కావాలండీ అన్నాడు.

మా హైదరాబాదువాడు ఒక్క ఉదుటున, పులస అన్నాడు.

కుర్రాడు నవ్వలేదు. అది వాడి సంస్కారం. ఆయ్, పులస ఇప్పుడెక్కడిదండీ, ఎర్రనీళ్ళు రావాలి అన్నాడు. నిజమే. పులస వరదకాలపు చేప. వానాకాలంలో గోదారికి ఎర్రనీళ్ళు తగిలాక సముద్రం నుంచి ఎదురీదుతూ వస్తుంది. మాఘమాసంలో పులస పెడతాం అన్నారంటే అది ఎక్కడినుంచో ఐసులో వచ్చిన ఇలస అయ్యుంటుంది. శ్రోతలు కాస్త జాగ్రత్త. కుర్రాడు పండుగప్ప పులుసు ఉందన్నాడు, రొయ్యలున్నాయన్నాడు, నాటుకోడి చెబితే గంట పడుతుందన్నాడు. మాస్టారు నీచు తినరు. ఆయన ముఖం చూసి, పనసపొట్టు ఆవపెట్టి చేస్తున్నామండి, నిన్ననే మొదలెట్టాం, ఈ ఏడు మొదటి కాయలు అన్నాడు. మాస్టారు అప్పటిదాకా ఎండ గురించి సణుగుతున్నారు. అది విన్నాక ఎండ మాటే ఎత్తలేదు.

ఎండ మాత్రం మమ్మల్ని వదల్లేదు. నీడ జరిగినప్పుడల్లా బల్ల జరపాల్సి వచ్చింది. మేం లేవడం, కుర్రాళ్ళిద్దరూ బల్ల ఎత్తడం, మజ్జిగ గ్లాసులు చేత్తో పట్టుకుని నిలబడడం. పక్క బల్ల దగ్గర అయిదారుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు, ఎవరిదో పుట్టినరోజు లాగుంది. వాళ్ళు వచ్చీరాగానే పడమటి నీడ ఎటు తిరుగుతుందో చూసుకుని కూర్చున్నారు, ఒక్కసారి కూడా కదల్లేదు. ఒకప్పుడు ఆడవాళ్ళు హోటలుకి రావడమే అరుదు. వచ్చినా ఫ్యామిలీ రూము అని ఓ మూల గది, దానికో పరదా. ఇప్పుడు వాళ్ళు మాకన్నా గట్టిగా నవ్వుతున్నారు, మాకన్నా తెలివిగా ఆర్డరిస్తున్నారు. మాస్టారు వాళ్ళని చూసి, మనం కూడా ముందే ఆలోచించాల్సింది అని రెండుసార్లు అన్నారు.

పులుసు వచ్చింది. అన్నం వచ్చింది. సరిగ్గా అప్పుడు చల్లబడింది.

తలెత్తి చూస్తే ఆగ్నేయం మూలనుంచి మబ్బు. ఈ నెలల్లో వాన పెద్దగా ఉండదు మాకు. కానీ బంగాళాఖాతం మీదుగా తడిగాలి తీరం వైపు తిరిగిందంటే ఇలా అకాలపు మబ్బు పడుతుంది. రెండు చినుకులు రాల్చి పోతుంది, లేదా ఒక్కోసారి గట్టిగానే కురుస్తుంది. మా హైదరాబాదువాడు ఆహా ఏం వెదరురా అంటూ ఫోను తీసి ఫొటోలు మొదలెట్టాడు. మిగతా నలుగురం ఫొటోలు తియ్యలేదు.

కొబ్బరి వ్యాపారి చెయ్యి పులుసులోనే ఆగిపోయింది. కళ్ళంలో కొబ్బరి చిప్పలు ఎండబెట్టి ఉన్నాయి. తడిస్తే బూజు పడతాయి, బూజు పడితే ధర సగం. ఇంటికి ఫోను చేసి, పట్టాలు కప్పండి అని ఒకటే కేక. మాస్టారికి నాలుగు మామిడి చెట్లు. నిండా పూత మీదున్నాయి. అసలే పొద్దున్న మంచు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. ఇప్పుడు వాన కూడానా, ఉన్న పూత రాలిపోతుంది అని ఆయన దిగులు. దాళ్వా చేసే రైతునడిగితే అగ్గితెగులు అంటాడు. ఇక బావ. మబ్బు పడితే రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గుతుంది. ఎండ ఉంటేనే నీళ్ళలోని నాచు దాన్ని తయారుచేస్తుంది. ఎండ లేకపోతే రాత్రికి చెరువులో రొయ్యకి ఊపిరి ఆడదు. ఏరేటర్లు తిప్పాలి. బావ లేచి ఫోను పట్టుకుని అటుపక్కకి వెళ్ళాడు. కరెంటుందా, డీజిలుందా, ఇంకో రెండు వేసెయ్ అని గట్టిగా మాటలు వినబడుతున్నాయి.

ఒకటే మబ్బు చూశారా. ఒకడికి ఫొటో. ఒకరికి బూజు. ఒకరికి రాలిన పూత. ఒకరికి చెరువు. వాతావరణం గురించి మాట్లాడుకోవడమంటే ఏమీ తోచనివాళ్ళ కాలక్షేపం అంటారు కొన్నిచోట్ల. మా బల్ల దగ్గర అది జమాఖర్చుల మాట.

దానికి తోడు ఇక్కడి వాళ్ళకి గాలి మారితే చాలు, 1996 గుర్తొస్తుంది. ఆ ఏడు నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. అంతకు ముందు ఏడే, 1995 జనవరి 8న, పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. ఆ మాఘమాసంలో చుట్టుపక్కల ఊళ్ళకి రాత్రి చీకటే లేదు. ఈ కబుర్లు ఎన్నిసార్లు చెప్పుకున్నా, మబ్బు పట్టగానే మళ్ళీ మొదలవుతాయి. ఆ రాత్రి నువ్వెక్కడున్నావు అని ఒకరు అడుగుతారు. తెలిసిన జవాబే. అయినా అడుగుతారు.

చినుకులు మొదలయ్యాయి. కుర్రాళ్ళు పరుగున వచ్చి కంచాలు ఎత్తారు. మేం ఎవరి గ్లాసు వాళ్ళం పట్టుకుని లోపల రేకుల షెడ్డులోకి నడిచాం. ఆడవాళ్ళ బల్ల కూడా లోపలికొచ్చింది. ఈసారి మాస్టారు వాళ్ళకన్నా ముందు వెళ్ళి కిటికీ పక్క బల్ల పట్టేశారు. రేకుల మీద చినుకుల చప్పుడుకి అయిదు నిమిషాలు ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. మజ్జిగ అడిగినవాళ్ళం టీ అడిగాం. భోజనం అయ్యాక మిరపకాయ బజ్జీలు తినడం ఎక్కడన్నా ఉందా? ఆ రోజు ఉంది. కుర్రాడు అడక్కుండానే తెచ్చాడు. వాన పడితే అందరూ అడుగుతారండి, అందుకే మూకుడు ఎక్కించేశాం అన్నాడు. పావుగంటలో వాన వెలిసింది. ఎండ మళ్ళీ కాసింది. ఇంట్లో చిప్పలు తడవలేదని వ్యాపారికి ఫోనొచ్చింది, అంబాజీపేటలో అసలు చినుకే లేదట. దిండిలో వాన, అంబాజీపేటలో ఎండ. కోనసీమ అంతా కలిపి ఎంత ఉంది గనక?

ఇక బిల్లు. ఇందాక ఒక మాట గుర్తుపెట్టుకోమన్నాను. హోటల్లో ఎవరూ చుట్టం కాదు, ఎవరూ ఇంటివాడు కాదు. ఆ మాట బిల్లు వచ్చేదాకానే చెల్లుతుంది. బిల్లు వచ్చేసరికి ప్రతివాడూ ఇంటివాడే. నలుగురూ ఒక్కసారి లేస్తారు. జేబులు పట్టుకుంటారు. చేతులు పట్టుకుంటారు. నా మీద ఒట్టు అంటారు. ఆ గొడవ చూసినవాళ్ళెవరన్నా నిజంగా తగువాడుకుంటున్నారేమో అనుకుంటారు. హైదరాబాదువాడు, అయిదు భాగాలు చేసేద్దాం, ఎవరిది వాళ్ళం ఇచ్చేద్దాం అన్నాడు. అది విని మాస్టారు వాడివైపు చూసిన చూపు, వాడు చిన్నప్పుడు ఎక్కాలు తప్పినప్పటి చూపే.

అంతలో కుర్రాడు వచ్చి, ఆయ్, బిల్లు కట్టేశారండి అన్నాడు. ఎవరు, ఎప్పుడు అన్నాం. ఇందాక మబ్బు పట్టినప్పుడు ఈయన ఫోను మాట్లాడుతూ కౌంటరు దగ్గరికి వచ్చి, ఆ ఫోనులోనే కొట్టేశారండి అని బావని చూపించాడు. ఏరేటర్లు వెయ్యమని అరిచిన ఆ అరుపంతా మమ్మల్ని ఏమార్చడానికేనన్నమాట. కాదు, చెరువుకి కూడా చేశానంటాడు బావ. రెండూ ఒకే ఫోనులో ఎలా కుదిరాయని మాస్టారు క్రాసు పరీక్ష. బజ్జీల డబ్బులు అందులో లేవు కదా, అవి నేనిస్తాను అని వ్యాపారి. బజ్జీలకి మేం డబ్బులు తీసుకోమండి, వాన పడ్డ రోజున అవి మావే అని కుర్రాడు. తిరుగుదారిలో బోడసకుర్రు వంతెన దాటినా ఆ గొడవ తెగలేదు.

ఎండలు ముదరకముందే ఇంకోసారి కూర్చుంటే గానీ తేలేలా లేదు. ఈసారి బల్ల దగ్గర కూర్చోగానే అందరి ఫోనులూ తన చేతిసంచీలో వెయ్యాలని, మబ్బు పట్టినా సరే తీయకూడదని మాస్టారి ఆజ్ఞ. చెరువు మాటేమిటని బావ అడిగితే, ఆ పూటకి పాలేరుకి నా నంబరివ్వు అన్నారు.